కిలోమీటరుకు ఎన్ని సెకన్లు

కపెంబ్వా తన వ్యాన్‌ను నా రిపేరు షెడ్డుకి తెచ్చిన రోజున నేను గేటు తియ్యలేదు. "అక్కడే ఆ యూకలిప్టస్ చెట్ల కింద ఆపు అన్నా, నేనే వస్తా" అన్నాను. లోపల చోటు లేక కాదు. అది శవాలను మోసే వ్యాన్ అని. ఇవాళ ఈ మాట చెప్పడానికి సిగ్గుగానే ఉంది. అప్పట్లో మా సెరెంజె ఊళ్ళో అందరూ చేసే పనే నేనూ చేశాను.

మొదట్లో అది శవాల బండి కాదు. జపాన్‌లో ఎవరో పదేళ్ళు వాడి వదిలేస్తే, దార్ ఎస్ సలామ్ రేవులో దిగి, ఇద్దరి ముగ్గురి చేతులు మారి కపెంబ్వాకి చేరింది. పక్క తలుపు మీద జపాన్ అక్షరాలు ఇంకా చెరిగిపోలేదు. అది చేపల కొట్టు పేరని ఒకడనేవాడు, కాదు పూలకొట్టు పేరని ఇంకొకడు. ముఫులిరా రాగి గనిలో ఉద్యోగం పోయాక కపెంబ్వా దాన్ని కొని, పద్నాలుగు సీట్లు వేయించి, సెరెంజె నుంచి కాపిరికి మనుషుల్ని తిప్పేవాడు. ఒక వానాకాలం కాపిరి బస్టాండులో ఒక కుటుంబం తండ్రి శవంతో తడుస్తూ నిలబడి ఉంది. ఏ బస్సువాడూ ఎక్కించుకోలేదు. ఇతను వెనక రెండు వరసల సీట్లు విప్పి, శవపేటికను ఎక్కించుకుని వాళ్ళ ఊరికి చేర్చాడు.

మర్నాడు స్టాండులో అతని వ్యాన్ ఒక్కరూ ఎక్కలేదు. ఆ వారమంతా ఎక్కలేదు. ఇక చేసేదేం లేక, మిగిలిన సీట్లు కూడా తీసేసి, ఒక పక్కన పొడుగాటి బెంచీ బిగించి, ఆ పనికే దిగాడు. రాజధాని లుసాకాలోనో, కాపిరిలోనో పోయినవాళ్ళను సొంత ఊళ్ళకు తెచ్చే పని. ఏడాది తిరక్కుండా భార్య ముఫులిరాలో చెల్లెలి ఇంటికి వెళ్ళింది, మళ్ళీ రాలేదు. వాళ్ళ మధ్య ఏం జరిగిందో నాకు తెలియదు. వ్యానే కారణమని ఊరు అనుకుంది.

అతనితో ఎవరూ చెయ్యి కలపరు. బస్టాండు దగ్గర న్షిమా, అంటే మొక్కజొన్న సంకటి, అమ్మే ఆవిడ అతని కంచం విడిగా పెడుతుంది. చనిపోయినవాళ్ళ మనుషులు కూడా శవంతో పాటు వెనకే ఎక్కుతారు. ఇరుకైనా సరే వెనకే. డ్రైవరు పక్క సీటు మూడేళ్ళుగా ఖాళీ.

ఆ రోజు యూకలిప్టస్ చెట్ల కింద నిలబడి అతను టోపీ చేతిలో నలుపుతూ అన్నాడు:

"లోంబే, నా మీటరు అబద్ధం చెబుతోంది."

"ఎవరన్నారు?"

"పోలీసులు. ముకుషి మలుపు దగ్గర వేగం చూసే యంత్రం పెట్టుకుని కూర్చున్నారు. తొంభైలో వస్తున్నావన్నారు. నా సూది ఎనభై మీద ఉంది. శవాన్ని ఎక్కించుకున్నాక నేను ఎనభై దాటను, నీకు తెలుసుగా."

"పోలీసుల యంత్రాలే తప్పు చూపిస్తాయి అన్నా. జరిమానా కట్టేసి వదిలెయ్."

"జరిమానా సంగతి కాదు. వెనక పోయినాయన కొడుకు ఉన్నాడు. దిగొచ్చి, అందరి ముందూ, 'మా నాన్నను ఎక్కడన్నా పారేసి పోదామనా ఈ తొందర' అన్నాడు. పోలీసువాడు నవ్వాడు. నేను ఏం చెప్పను? సూది ఎనభై మీదుందని చెప్పా. ఎవరు నమ్ముతారు?"

అతనికి ఊళ్ళో ఏ పేరూ లేదు, ఒక్క ఈ పేరు తప్ప: నెమ్మదిగా, ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడుపుతాడని. అదీ పోయింది.

నేను వ్యాన్ కిందికి దూరి చూశాను. అలా దూరడానికి నాకు భయం వెయ్యలేదు, లోపల కూర్చోవడానికే భయం. టైర్లు ఉండాల్సిన వాటి కంటే పెద్దవి. గతుకుల రోడ్లకని ఎవరో పాత యజమాని వేయించి ఉంటాడు. చక్రం పెద్దదైతే ఒక్క చుట్టులో ఎక్కువ దూరం పోతుంది, మీటరుకి ఆ సంగతి తెలియదు. గేరుబాక్సు కూడా ఈ వ్యాన్‌ది కాదు, వేరే రకం బండిలోంచి తెచ్చి పెట్టింది. అందులోంచి మీటరు తీగను తిప్పే చిన్న ప్లాస్టిక్ గేరు ఒకటుంటుంది, బొటనవేలంత. దాని పళ్ళు ఎక్కువైతే తీగ నెమ్మదిగా తిరుగుతుంది, సూది తక్కువ చూపిస్తుంది.

"గేరు మార్చాలి. కానీ ఎంత తప్పు చూపిస్తోందో తెలియకుండా ఎన్ని పళ్ళది వెయ్యను? లెక్క కావాలి" అన్నాను. "చితాంబో వైపు రోడ్డు పక్కన కిలోమీటరు రాళ్ళు వరసగా అయిదు మిగిలి ఉన్నాయి చూడు. మొదటి రాయి నుంచి అయిదో రాయికి నాలుగు కిలోమీటర్లు. సూదిని అరవై మీద నిలిపి ఎన్ని సెకన్లు పట్టిందో చూడు. తర్వాత ఎనభై, తర్వాత వంద. మూడింట్లోనూ తేడా ఒకే పాళ్ళలో ఉంటే గేరుదే తప్పు. ఒక్కోదానికి ఒక్కోలా ఉంటే మీటరే పాడైనట్టు."

"సూది చూస్తూ, రాయి చూస్తూ, గడియారం కూడా నేనే చూడాలా?"

"పక్కన ఎవర్నన్నా కూర్చోబెట్టుకో."

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక గాని దాని బరువు నాకు తెలియలేదు. అతను నన్నే చూశాడు.

"నువ్వు రారాదూ? ఓ గంట పని."

"షెడ్డులో ఇంజను ఒకటుంది, ఇవాళే ఇచ్చెయ్యాలన్నా" అన్నాను. ఇంజను ఉన్న మాట నిజం. ఇవాళే ఇవ్వాలన్నది నిజం కాదు.

రెండు రోజులు అతను మనిషి కోసం తిరిగాడు. చర్చిలో పాటలు పాడే బృందంలో ఒకాయన, భార్య ఒప్పుకోదన్నాడు. ఆ భార్య మధ్యాహ్నం బజారులో ఎదురైతే, ఒప్పుకోనని చెప్పమన్నది ఆయనేనంది. క్షౌరశాల నడిపే ఆయన మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పాడు: "నేను ఆ బండి ఎక్కేది ఒక్కసారే అన్నా, అప్పుడు ఎక్కినట్టు నాకు తెలియనైనా తెలియదు." అక్కడున్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. కపెంబ్వా కూడా నవ్వాడట.

మూడో రోజు ఒక్కడే వెళ్ళాడు. చేతి గడియారాన్ని స్టీరింగుకి కట్టుకున్నాడు. సూది అరవై మీద నిలిపి, మొదటి రాయి దాటగానే గడియారం చూసి తలెత్తేసరికి, ఎదురుగా బొగ్గు బస్తాలు ఎత్తుగా కట్టుకున్న సైకిలు. తొక్కేవాడు రోడ్డు మధ్యలో ఉన్నాడు. వ్యాన్ గడ్డిలోకి దిగిపోయింది. సైకిలు పడింది, బస్తా చినిగింది, మనిషికి దెబ్బ తగల్లేదు. కపెంబ్వా దిగి, చెదిరిన బొగ్గు అంతా ఏరి, బస్తాకి ముడి వేసి ఇచ్చాడు. అంతసేపూ ఆ మనిషి తిడుతూనే ఉన్నాడు. చివరికి వ్యాన్‌ను గుర్తుపట్టి, నోరు మూసుకుని, సైకిలు తోసుకుంటూ గబగబా వెళ్ళిపోయాడు. తిట్టినంతసేపే బాగుందని కపెంబ్వా తర్వాత నాతో అన్నాడు.

ఆ సాయంత్రం అతను నా షెడ్డు బయట రాతి మీద కూర్చుని ఈ సంగతి చెబుతుండగా చిసెంగా టీచరమ్మ వచ్చింది. నాకు ఆరో తరగతిలో లెక్కలు చెప్పిన మనిషి. చక్రాల బండి మీద పాత ఇనప పెట్టె ఒకటి పెట్టి తోసుకొచ్చింది, మడతబందు ఊడిందట, అతికించాలి. ఆమె భర్త రైల్వేలో గుమాస్తా. ఆరు నెలల క్రితం లుసాకా ఆసుపత్రిలో పోయాడు. రైల్వే ఇల్లు ఖాళీ చేసి, లువింగులో తమ్ముళ్ళ దగ్గరికి వెళ్ళిపోవాలని ఆమె సామాను సర్దుకుంటోంది.

ఆమె నిలబడి అంతా విన్నది.

"అరవైలో పోతే కిలోమీటరుకి ఎన్ని సెకన్లు, లోంబే?" అని అడిగింది హఠాత్తుగా.

నలభై ఏళ్ళవాణ్ణి, చేతులు చమురుతో నల్లగా ఉన్నాయి, గుండె మాత్రం తరగతి గదిలో లాగే కొట్టుకుంది. "అరవై, టీచరమ్మా."

"ఎనభైలో?"

"అదీ… నలభై…"

"నలభై అయిదు. ఏడు ఎనిమిదులు ఎంతరా అంటే యాభై నాలుగు అన్నవాడివి, నువ్వా వ్యాన్లు బాగుచేసేది?" అని, కపెంబ్వా వైపు తిరిగింది. "ఆటల పోటీలకి వాడే గడియారం నా దగ్గర ఉంది. రేపు ఎనిమిదింటికి వస్తావా?"

కపెంబ్వా లేచి నిలబడ్డాడు. "టీచరమ్మా, అది ఆ వ్యాన్. మీ ఆయన్ని తెచ్చింది అందులోనే."

"నాకు తెలీదనుకున్నావా? వెనక కూర్చుని వచ్చాను గదా. ఈసారి ముందు కూర్చుంటా."

మర్నాడు ఆమె పసుపు రంగు తలగుడ్డ కట్టుకుని, ఒళ్ళో నోటు పుస్తకం పెట్టుకుని ముందు సీట్లో కూర్చుని బజారు మీదుగా వెళ్ళింది. కూరగాయల కొట్ల దగ్గర మాటలు ఆగిపోయాయి. నేను నా షెడ్డులోంచి చూశాను. అక్కడ జరిగింది తర్వాత కొంత ఆమె, కొంత అతను చెప్పగా నాకు తెలిసింది.

సూది అరవై మీద నిలిపి వెళ్తే, నాలుగు కిలోమీటర్లకి రెండు వందల నలభై సెకన్లు పట్టాలి. రెండు వందల పదమూడే పట్టింది. రాళ్ళు గడ్డిలో కూరుకుపోయి ఉన్నాయి, "ఇప్పుడు" అని అతను అనగానే ఆమె మీట నొక్కేది. వెనక్కి తిరిగి ఇంకోసారి చూశారు. అంతే వచ్చింది. ఆమె పుస్తకంలో రాసుకుంది.

"ఇప్పుడు ఎనభై. కదలనివ్వకు."

"ఎనభై నా కాలికి అలవాటే టీచరమ్మా."

అయిదో రాయి దాటాక ఆమె గడియారం వంక కాస్త ఎక్కువసేపు చూసింది. నూట ఎనభై రావాలి. నూట అరవై. అంటే సూది ఎనభై చూపిస్తుంటే వ్యాన్ తొంభైలో పోతోంది. పోలీసులు చెప్పిందే నిజం.

"ఆ రోజు మా ఆయన్ని తెచ్చినప్పుడు సూది ఎక్కడ ఉంది?" అంది.

"ఎనభై. దాటలేదు. ఒట్టు, దాటలేదు."

"లుసాకా నుంచి కాపిరి దాకా వెనక బంధువులున్నారు. కాపిరిలో వాళ్ళు దిగిపోయారు. అక్కణ్ణుంచి ఇంటిదాకా నేనొక్కదాన్నే ఆయనతో. కాపిరి నుంచి సెరెంజెకి ఎంత?"

"రెండు వందలు."

ఆమె పెన్సిలు తీసి పుస్తకం మూల మీద లెక్క వేసింది. "ఎనభైలో అయితే నూట యాభై నిమిషాలు. తొంభైలో నూట ముప్పై మూడు నిమిషాల ఇరవై సెకన్లు." పెన్సిలు ఆగింది. "పదహారు నిమిషాల నలభై సెకన్లు."

అతను వ్యాన్‌ను పక్కకి తీసి ఇంజను ఆపేశాడు. రోడ్డు మీద ఎవరూ లేరు. రెండు పక్కలా ఎండిన గడ్డి, దాని మీద గాలి.

"ఇంటికొచ్చాక జనమే జనం" అందామె. "మా ఆడపడుచులు, చర్చివాళ్ళు, ఏడుపులు. ఆయనతో నేను విడిగా కూర్చున్నది ఆ బెంచీ మీదే, ఆఖరిసారి. చెప్పుకోవాల్సినవి ఒక్కోటీ చెబుతూ వస్తున్నా, పైకే. నీకు వినపడే ఉంటుంది. సగం కాలేదు, వ్యాన్ మా వీధిలోకి తిరిగింది. ఇదేంటి, ఇంత త్వరగా వచ్చేసిందేం ఊరు, అనుకున్నా. నా మనసుకే అలా తోచిందేమోలే అని సర్దుకున్నా."

కపెంబ్వా స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. "నాకు తెలీదు టీచరమ్మా" అన్నాడు.

"తెలిసి చేశావని ఎవరన్నారు?"

"మీరొక్కరే కాదు. మూడేళ్ళలో ఎందర్ని తెచ్చానో. నెమ్మదిగా తెస్తున్నాననే అనుకున్నా. నాకంటూ ఉన్నది అదొక్కటే."

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. కోపం వచ్చిందట. ఎవరి మీదో తెలియలేదట. ఆ మిగతా సగం ఇప్పుడు గుర్తు తెచ్చుకుందామంటే ఒక్కటీ గుర్తు రాలేదట. ఆ మాట నాతో అంటున్నప్పుడు ఆమె పెట్టె మూత తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది, మడతబందు సరిగ్గా అతికిందో లేదో చూస్తున్నట్టు.

"బండి తీయ్" అందట కపెంబ్వాతో. "వంద మీద ఇంకా చూడలేదు."

వంద మీద నూట ఇరవై ఎనిమిది సెకన్లు వచ్చింది. నూట నలభై నాలుగు రావాలి. మూడింట్లోనూ తేడా ఒకే పాళ్ళు. మీటరు మంచిదే, గేరుదే తప్పు. ఆమె ఆ కాగితాన్ని చించి, కింద గీత గీసి, నాకు తెచ్చి ఇచ్చింది. అంత శుభ్రమైన లెక్క నా షెడ్డుకి అంతకు ముందు ఎప్పుడూ రాలేదు.

పాత గేరు తీసి పళ్ళు లెక్కపెట్టాను, ముప్పై నాలుగు. టీచరమ్మ లెక్క ప్రకారం ముప్పైది కావాలి. అది లుసాకాలో పాత సామాన్ల కొట్టులో దొరికి, బస్సులో నా దగ్గరికి చేరడానికి ఎనిమిది రోజులు పట్టింది. నల్లగా, చిన్నగా, అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. గేరుబాక్సు పక్కన మర విప్పి, పాతది లాగి, కొత్తదానికి గ్రీజు రాసి తొడిగి, తీగ బిగించడానికి అరగంట పట్టలేదు.

బిగించాక మళ్ళీ పరీక్ష చెయ్యాలి. ఆ రోజు టీచరమ్మ రైల్వే ఆఫీసులో తాళాలు అప్పగించే పని మీద ఉంది. కపెంబ్వా నన్ను అడగలేదు. చేతి గడియారాన్ని విప్పి స్టీరింగుకి కట్టుకోవడం మొదలుపెట్టాడు. నేను అవతలి పక్క తలుపు తీసి ఎక్కి కూర్చున్నాను.

ఏముంది, సీటే. పైన తొడుగు కొత్తగా ఉంది, కూర్చున్నవాళ్ళు లేక. నేల కడిగే మందు వాసన. మొదటి కిలోమీటరు నా వీపు సీటుకి ఆన్చలేదు. తర్వాత ఆన్చాను. ఎనభై మీద నాలుగు కిలోమీటర్లకి నూట ఎనభై ఒకటి వచ్చింది. రెండోసారీ అంతే. కపెంబ్వా ముఖంలో సంతోషం కనిపిస్తుందేమోనని చూశాను. అతను సూది వైపే చూస్తున్నాడు.

"ఇంత నెమ్మదా ఎనభై అంటే" అన్నాడు.

తిరిగి వస్తుంటే రోడ్డు పక్క టీ కొట్టు కనిపించింది. "టీ తాగుదామా లోంబే? వేడి వేడి బన్ను కూడా ఉంటుంది ఇక్కడ" అన్నాడు. అక్కడ ఇద్దరు ముగ్గురు నాకు తెలిసినవాళ్ళు కూర్చుని ఉన్నారు. షెడ్డులో పనుందన్నాను. సరే అన్నాడు. నన్ను షెడ్డు దగ్గర దింపి వెళ్ళాడు. ఆ మధ్యాహ్నం నాకు పనేమీ లేదు. పనిముట్లు తుడుచుకుంటూ కూర్చున్నాను.

నెలాఖరున టీచరమ్మను సామానుతో సహా లువింగుకి చేర్చింది కపెంబ్వానే. లారీ మాట్లాడతామని ఆమె తమ్ముళ్ళు కబురు పెడితే, వద్దంది. ఇనప పెట్టె, పరుపు, రెండు కుర్చీలు, గంపలో నాలుగు కోళ్ళు వెనక, ఆమె ముందు. వీడ్కోలు చెప్పడానికి ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళం చాలామందే వచ్చాం. అందరం వ్యాన్‌కి కాస్త దూరంగా నిలబడి చేతులు ఊపాం.

మూడు రోజుల తర్వాత పెట్రోలు బంకులో అతను కనిపించాడు. లుసాకా వెళ్తున్నాడు, ఎవరినో తేవడానికి.

"ప్రయాణం ఎలా జరిగిందన్నా?"

"సూది సరిగ్గా ఉంది."

"సూది కాదు, టీచరమ్మ?"

"దారిలో సామ్ఫ్యా దాకా మాట్లాడింది. ఆయన గురించే. ఆయనకి చేపలు వేయించడం చేతకాదట, ప్రతిసారీ మాడ్చేవాడట. వద్దంటే అలిగేవాడట." అతని పెదవులు కొంచెం నవ్వాయి. "తర్వాత నిద్రపోయింది. ఆమె నిద్రపోయాక ఇంకా నెమ్మదిగా నడిపా."

"వాళ్ళ తమ్ముళ్ళు బాగా చూశారా?"

"సామాను దించుకున్నారు. వ్యాన్ సంగతి ఎవరో చెప్పినట్టున్నారు, చేతులు కడుక్కున్నారు. టీచరమ్మ చూసింది. లోపలికెళ్ళి న్షిమా, గుమ్మడాకు కూర తెచ్చి ఒకే కంచంలో పెట్టి, నా ఎదురుగా కూర్చుంది. ఇద్దరం అందులోనే తిన్నాం."

బంకువాడు డీజిలు పోయడం ముగించి, మూత బిగించి, దూరంగా జరిగాడు.

"మరి తిరిగొచ్చేటప్పుడు?" అని అడిగాను.

"తిరిగొచ్చేటప్పుడు ఏముంది. నాలుగు వందల కిలోమీటర్లు, ఎనభైలో. సరిగ్గా అయిదు గంటలు పట్టింది." తాళంచెవి తిప్పాడు. "మధ్యలో ఎక్కడా ఆగలేదు. ఆగి ఏం చేస్తాను?"